చదివిన ఊళ్లోనే కొట్టు పెడతానంటే

ఈ వారం నా వంతు వచ్చింది కాబట్టి మా ఇంటి గొడవతోనే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

పోయిన ఏడాది వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ఖమ్మం నుంచి మా అక్క ఫోను చేసింది. "ఒరేయ్, నీ మేనల్లుడికి పిచ్చి పట్టిందిరా. చేతికొచ్చిన ఉద్యోగం వద్దంటున్నాడు. ఆ యూనివర్సిటీ వాళ్లే నెలనెలా ఏదో ఇస్తారట, అక్కడే ఉండి కంపెనీ పెడతాడట. చదువు అయిపోయాక కాలేజీ వాళ్లు ఎదురు డబ్బులిస్తారంటే నన్ను నమ్మమంటావా?" అంది.

మా వాడు ఇక్కడ తురింగియా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఎమ్మెస్ చేశాడు. స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బావ మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు పూచీ పెట్టి పిల్లవాడి చదువుకి అప్పు తెచ్చాడు. కాబట్టి అక్క కంగారులో తప్పేమీ లేదు. నేను కూడా ముందు వాడినే తిట్టాను. తరువాత వాడు చూపించిన కాగితాలు చదివాక కొంచెం తగ్గాను. ఆ కాగితాల్లో ఏముందో, దాని వెనక ఈ దేశంలో ఎంత పాత కథ ఉందో ఇవాళ చెప్పాలని నా ఉద్దేశం. మన పిల్లలు వేలల్లో వస్తున్నారు కదా. 2023-24లో జర్మనీలో చదివే భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. అంతకు ముందు ఏడాదే చైనావాళ్లను దాటి మొదటి స్థానానికి వచ్చారు. అందులో మనవాళ్లు ఎందరో నేను వేరే చెప్పక్కర్లేదు, మాగ్డెబుర్గ్‌లోనో కెమ్నిట్స్‌లోనో రైలు దిగితే తెలుగు వినబడుతుంది.

నేను యేనాలో ఉంటాను. 2001లో గ్రీన్‌కార్డు మీద వచ్చినవాణ్ణి. కంప్యూటర్ వాళ్లు కావాలని ష్రోడర్ ప్రభుత్వం 2000 ఆగస్టులో మొదలుపెట్టిన పథకం అది. పేరుకి గ్రీన్‌కార్డేగానీ అమెరికా దానిలా శాశ్వతం కాదు, ఐదేళ్ల ఉద్యోగపు చీటీ. సొంత కొట్టు పెట్టుకోవచ్చన్న ఆలోచన మా తరానికి కలలో కూడా రాలేదు.

మా ఊరి నడిబొడ్డున గుండ్రటి మేడ ఒకటి ఉంది. స్థానికులు దాన్ని బిస్కెట్ల పొట్లం అంటారు, నిజంగానే నిలబెట్టిన గుండ్రటి బిస్కెట్ పొట్లంలా ఉంటుంది. తూర్పు జర్మనీ రోజుల్లో, 1972 నాటికి కట్టారు. కట్టింది జైస్ కంపెనీ కోసం. తీరా వాళ్లు రాలేదు, విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. జర్మనీలు కలిసిన కొన్నేళ్లకి విశ్వవిద్యాలయం ఖాళీ చేసింది. తరువాత అందులోకి వచ్చింది ఇంటర్‌షాప్ అని, ఇంటర్నెట్ అంగళ్లకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ, ఈ ఊళ్లోనే 1992లో పుట్టింది. చూశారా, ఒక్క మేడకి ముగ్గురు హక్కుదార్లు: పాత ఫ్యాక్టరీ, విశ్వవిద్యాలయం, స్టార్టప్. యేనా చరిత్ర అంతా ఈ ముగ్గురి మధ్యే తిరుగుతుంది.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి, కెమెరా పిచ్చి ఉన్నవాళ్లకి జైస్ పేరు తెలిసే ఉంటుంది. కార్ల్ జైస్ 1846లో ఇక్కడ చిన్న వర్క్‌షాపు తెరిచాడు. పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త కాదు, చేతిపనివాడు. విశ్వవిద్యాలయంలో ష్లైడెన్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడుండేవాడు, మొక్కల శరీరమంతా కణాలతో కట్టిందని చెప్పినవాడు. ఆయనకు మైక్రోస్కోపులు కావాలి. నువ్వు చెయ్యవయ్యా అని జైస్‌ని ప్రోత్సహించాడు. జైస్ చేశాడు, బాగానే అమ్ముడయ్యాయి కూడా. కానీ ఆ రోజుల్లో కటకాలు చెయ్యడమంటే అరగదీసి చూడటం, బాగాలేకపోతే మళ్లీ అరగదీయడం. మన కంసాలి చేతివాటం లాంటిది. ఎందుకు బాగుందో, ఎందుకు బాగాలేదో లెక్క తెలియదు.

ఆ లెక్క కోసం జైస్ 1866లో విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పే ఒక కుర్ర భౌతికశాస్త్రవేత్తను పట్టుకున్నాడు. ఆయన పేరు ఎర్న్‌స్ట్ అబ్బే. పేరు విని నవ్వకండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. వెలుగు కటకంలోంచి ఎలా పోతుందో, మైక్రోస్కోపు ఎంత చిన్న వస్తువుని చూపించగలదో, దానికి హద్దెక్కడో లెక్క కట్టి 1873లో ప్రచురించాడు. అంతకుముందే ఆ లెక్కల ప్రకారం తయారైన మైక్రోస్కోపులు బజారులోకి వచ్చేశాయి. ఇంకా మంచి గాజు కావాల్సి వచ్చింది. ఒట్టో షాట్ అనే గాజు రసాయనవేత్తను యేనాకి రప్పించి 1884లో గాజు ఫ్యాక్టరీ పెట్టారు. ఒక పనివాడు, ఒక లెక్కలవాడు, ఒక గాజువాడు. ఇవాళ స్టార్టప్ సభల్లో ముగ్గురు వ్యవస్థాపకులుండాలి అని ఊదరగొడతారే, ఇక్కడ అప్పుడే ఉన్నారు.

అబ్బే తండ్రి ఐజెనాఖ్‌లో నూలు మిల్లు కూలీ. రోజుకి పద్నాలుగు, పదహారు గంటలు నిలబడి పనిచేసేవాడట. ఆ కొడుక్కి జైస్ కంపెనీలో వాటా వచ్చాక ఏం చేశాడంటే, 1889లో జైస్ పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టి, కొన్నాళ్లకు తన వాటా దానికే రాసిచ్చేశాడు. కంపెనీ లాభంలోంచి విశ్వవిద్యాలయానికి డబ్బు పోవాలని నియమం పెట్టాడు. 1900లో ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పని తెచ్చాడు. 1908లో తెరిచిన విశ్వవిద్యాలయపు ప్రధాన భవనానికి కూడా ఆ ఫౌండేషన్ డబ్బు చేరింది. విశ్వవిద్యాలయం నుంచి విద్య ఫ్యాక్టరీకి వెళ్లింది, ఫ్యాక్టరీ నుంచి డబ్బు విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చింది. అన్నట్టు సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలైందీ 1889లోనే. మా తాతది ఇల్లెందు, అందుకే ఆ ఏడాది నాకు గుర్తుండిపోయింది. ఆ బొగ్గు ఎన్ని రైళ్లు నడిపిందో లెక్కలేదు. కానీ ఇల్లెందులో ఒక అబ్బే పుట్టడానికి పక్కన విశ్వవిద్యాలయం లేదు.

ఆ తరువాత యుద్ధం. 1945లో అమెరికన్లు పోతూ పోతూ జైస్ నిపుణులను వెంటబెట్టుకు పోయారు, ఆ వెనక వచ్చిన రష్యన్లు యంత్రాలు పీక్కుపోయారు. పడమట ఓబర్‌కోఖెన్‌లో ఒక జైస్, తూర్పున యేనాలో ఒక జైస్. గోడ కూలాక అసలు దెబ్బ తగిలింది. వేలమందికి ఒక్కసారిగా ఉద్యోగాలు పోయాయి. ఇక్కడివాళ్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. 1991లో అనువర్తిత విద్యల కళాశాల ఒకటి, దానికి అబ్బే పేరే పెట్టారు, మరుసటేడు ఫ్రౌన్‌హోఫర్ వాళ్ల ఆప్టిక్స్ పరిశోధనాలయం వచ్చాయి. జైస్‌లో మిగిలిన నైపుణ్యం చెదిరిపోకుండా పట్టుకున్నది చాలా వరకు ఇవే అని నా నమ్మకం.

ఇక మా మేనల్లుడి కాగితాల దగ్గరికి వస్తాను. కేంద్ర ప్రభుత్వానికి ఎక్సిస్ట్ అనే పథకం ఉంది. 1998లో ఐదు ప్రాంతాల్లో మొదలైంది. ఆ ఐదు ఏవో చూడండి: డ్రెస్డెన్, కార్ల్స్‌రూహె, స్టుట్‌గార్ట్, వుప్పర్‌టాల్-హాగెన్, మా వైపు యేనా-ఇల్మెనావ్-ష్మాల్కాల్డెన్. బెర్లిన్ లేదు, మ్యూనిక్ లేదు. ష్మాల్కాల్డెన్ పేరు జర్మన్లలోనే చాలామంది వినుండరు. ఇల్మెనావ్ జనాభా నలభై వేలు కూడా లేదు. పోటీ పెట్టి, విశ్వవిద్యాలయాలూ ఊళ్లూ కలిసి వేసుకున్న పథకాల్లోంచి ఈ ఐదింటిని ఎంచారు. ఊరు చిన్నదా పెద్దదా అని కాదు, అక్కడ కలిసి పనిచేసేవాళ్లున్నారా అని చూశారన్నమాట.

2007 నుంచి ఇందులో స్టైపెండ్ వచ్చింది. ఒక ఏడాది పాటు ఇస్తారు. డిగ్రీ అయినవాళ్లకి నెలకి 2500 యూరోలు, డాక్టరేట్ ఉంటే 3000, ఇంకా చదువుతున్నవాళ్లకి 1000. పిల్లలుంటే ఒక్కొక్కరికి 150. ఇదికాక పరికరాలకీ సరుకుకీ ఒంటరిగా అయితే 10,000, జట్టుకైతే 30,000 దాకా, సలహాదారుల కోసం 5000. తిరిగి కట్టక్కర్లేదు. మా అక్కకి ఈ మాట మూడుసార్లు చెప్పాను. "తిరిగి కట్టక్కర్లేదంటే ఏదో మెలిక ఉంటుందిరా" అంది.

మెలిక ఉంది. దరఖాస్తు పెట్టేది కుర్రవాడు కాదు, విశ్వవిద్యాలయం. తమ పేరు మీద పెట్టి, డబ్బు తమ ద్వారా ఇప్పించి, కూర్చోడానికి గది, ల్యాబు ఉచితంగా ఇస్తామని రాసివ్వాలి. ఒక ప్రొఫెసరు పెద్దదిక్కుగా ఉంటానని సంతకం పెట్టాలి. ఐదో నెలలో ఎంతవరకు వచ్చారో చూపించాలి, పదో నెలలో పూర్తి వ్యాపార ప్రణాళిక ఇవ్వాలి. అంటే విశ్వవిద్యాలయం అప్పిస్తున్నది అసలు డబ్బు కాదు. తన పేరు, తన ల్యాబు తాళంచెవి, ఒక ఏడాది గడువు. చిన్న ఊళ్లో ఈ మూడింటి విలువ ఎక్కువ. మైక్రాన్లలో కొలిచే పరికరం కొనాలంటే ఏ కుర్రవాడి తరమూ కాదు. మ్యూనిక్‌లోనైతే ఆ 2500లో చాలా భాగం ఇంటి అద్దెకే పోతుంది, ఇక్కడ గది అద్దె అందులో సగం కూడా ఉండదు. ప్రొఫెసరు బజారులో కూరగాయలు కొంటూ కనబడతాడు, అక్కడే అడగొచ్చు.

మావాడి ఆలోచన ఏమిటంటే, మిరపకాయల్లో బూజు. ఎండుమిర్చికి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరపు వాళ్లు మసాలా దినుసుల్లో అది కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు రానివ్వరు. వాళ్ల నాన్న యార్డులో బస్తాలు చూసి చూసి చేత్తోనే చెప్పేవాడు, కానీ చేతి మాట ఓడరేవులో చెల్లదు కదా. అతినీలలోహిత కాంతి వేసి, కాయలు వెనక్కి విడిచే వెలుగుని కొలిచి, అనుమానపు సరుకుని అక్కడికక్కడే పక్కన పెట్టొచ్చా అన్నది వాడి ప్రశ్న. ఇదేమీ కొత్త శాస్త్రం కాదు. దాన్ని చిన్న పెట్టెలో ఇమిడ్చి చవకగా చెయ్యడమే పని. మొదటి కాయలు ఎవరో సూట్‌కేసులో తెచ్చారు. ల్యాబంతా ఘాటెక్కి పక్కగదివాళ్లు కిటికీలు తెరుచుకున్నారట.

ఇంత బాగుంటే ఇక గొడవేముంది అంటారేమో. ఉంది, అదీ చెప్పాలి.

మొదటిది, ఆ కనిపెట్టింది ఎవరిది అన్న పేచీ. ఇక్కడ 2002 దాకా ప్రొఫెసరు కనిపెట్టింది ప్రొఫెసరుదే. ఆ ఏడాది చట్టం మార్చి, ఉద్యోగి కనిపెట్టినదాని మీద విశ్వవిద్యాలయానికి హక్కిచ్చారు, వచ్చిన రాబడిలో 30 శాతం కనిపెట్టినవాడికి. విద్యార్థి ఉద్యోగి కాదు కాబట్టి సొంతంగా చేసింది అతనిదే. కానీ మన పిల్లలు ఖర్చుల కోసం ల్యాబులో గంటల లెక్కన పనిచేస్తారు, హివి అంటారు. అప్పుడు వాళ్లు ఉద్యోగులే. మావాడు కొలత పద్ధతిలో కొంత హివిగా ఉన్నప్పుడు చేశాడు, కొంత థీసిస్‌లో చేశాడు. ఏది ఎప్పుడు చేశావని అడిగితే వాడి దగ్గర నోటుపుస్తకం సరిగ్గా లేదు. ఆ ఒక్క విషయం తేలడానికి నాలుగు నెలలు పట్టింది. విశ్వవిద్యాలయం వాళ్లు చెడ్డవాళ్లు కారు, కాగితం నెమ్మది, అంతే. వింటున్న పిల్లలెవరైనా ఉంటే ల్యాబు నోటుపుస్తకంలో తేదీలు వెయ్యండి నాయనా.

రెండోది, స్టైపెండ్ జీతం కాదు. ఆరోగ్య బీమా తనే కట్టుకోవాలి. పెన్షన్ ఖాతాలో ఆ ఏడాది జమ ఉండదు. ఇక్కడ చదివినవాళ్లకి శాశ్వత నివాసం తొందరగా వచ్చే దారి రెండేళ్ల ఉద్యోగం, రెండేళ్ల పెన్షన్ జమల మీద ఆధారపడి ఉంటుంది. స్టుట్‌గార్ట్ వెళ్లిన వాడి స్నేహితుడు ఆ లెక్కలో ముందుకి పోతుంటాడు, వీడు అక్కడే ఉంటాడు. వీసా సంగతి మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలిస్తారు. జర్మన్ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లు తమ చదువుకి సంబంధించిన సొంత వ్యాపారం పెట్టుకుంటామంటే అందుకు నివాస అనుమతి ఇవ్వడానికి 2012 నుంచి చట్టంలో వీలుంది. వెళ్లే ముందు విశ్వవిద్యాలయపు స్టార్టప్ కార్యాలయం నుంచి ఉత్తరం పట్టుకెళ్లాలి. కౌంటర్లో ఉన్నామెకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది ఆ ఉత్తరమే.

కంపెనీ రిజిస్ట్రేషను మాట అడక్కండి. గే-ఎమ్-బే-హా అనే మామూలు కంపెనీకి 25,000 యూరోల మూలధనం చూపాలి. 2008 నుంచి ఒక్క యూరోతో పెట్టుకునే చిన్న రకం వచ్చింది. ఏదైనా సరే నోటరీ దగ్గర కూర్చుంటే ఆయన పత్రం మొత్తం పైకి చదివి వినిపించాలి, చట్టం అది. సత్యనారాయణ వ్రతంలా కథ పూర్తయ్యేదాకా లేవకూడదు.

మూడోది, దెబ్బతినడం. మా బిస్కెట్ల పొట్లంలో ఇంటర్‌షాప్ షేరు 1998లో మార్కెట్లోకి వచ్చి ఆకాశానికెగిరి, 2001 జనవరిలో నేలకూలింది. నేను ఈ దేశానికి వచ్చిన ఏడాది. మా ఆఫీసులో షేర్లు కొనుక్కున్నవాళ్ల మొహాలు ఇంకా గుర్తే. కంపెనీ మాత్రం చావలేదు, చిన్నదై యేనాలోనే బతికింది. అందులో పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఈ ఊళ్లోనే వేరే కంపెనీల్లో కనబడతారు.

గెలిచిన కథ కావాలంటే మైన్‌త్స్ ఉండనే ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ వైద్యులు, టర్కీ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ ట్యురెజి, తమ గురువు క్రిస్టోఫ్ హ్యూబర్‌తో కలిసి 2008లో బయోఎన్‌టెక్ పెట్టారు. షాహిన్ తండ్రి కొలోన్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ కార్మికుడు. పన్నెండేళ్ల పాటు బజారులో అమ్మడానికి ఒక్క మందు లేదు. 2020 చివర కోవిడ్ టీకా వచ్చింది. 2021లో ఆ కంపెనీ పన్నుతో మైన్‌త్స్ నగరానికి వంద కోట్ల యూరోల దాకా మిగులు వచ్చి, ఏళ్ల తరబడి నెత్తినున్న అప్పు తీర్చే దారి కనబడింది. టీకాల గిరాకీ పోయాక ఆ రాబడీ తగ్గిందనుకోండి. కంపెనీ చిరునామా వీధి పేరు ఏమిటో తెలుసా? గోల్డ్‌గ్రూబె, అంటే బంగారు గని. కంపెనీ రాకముందు నుంచీ ఉన్న పేరే.

అయితే మైన్‌త్స్ కథ చెప్పి తల్లిదండ్రుల్ని ఒప్పించడం నాకు ఇష్టముండదు. అది లాటరీ తగిలినవాడిని చూపించి టికెట్టు కొనమనడం. డోర్ట్‌మండ్ లాంటి ఊరు చూపిస్తాను. బొగ్గు, ఉక్కు, బీరు, ఇవే ఆ ఊరి బతుకు. 1968లో విశ్వవిద్యాలయం తెరిచారు, 1985లో దాని పక్కన టెక్నాలజీ సెంటర్. 2001లో మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీని విప్పి ఓడల్లో చైనాకి తీసుకుపోయారు. ఆ చోట ఇప్పుడు చెరువుంది. చెరువు కనబడినంత బాగా కొత్త ఉద్యోగాలు కనబడవు. వచ్చాయి, పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు పట్టింది. పోయిన ఉద్యోగం, వచ్చిన ఉద్యోగం ఒకే మనిషివి కావు, తండ్రిది పోయింది, మనవడికి వచ్చింది.

మన దగ్గరా మొదలైంది. హైదరాబాద్‌లో టీ-హబ్ 2015 నవంబరులో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలోనే పుట్టింది, అది మంచి చోటు. ఆంధ్రలో 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ ప్రారంభించి రాజమండ్రి, అనంతపురం, తిరుపతి లాంటి చోట్లకి శాఖలు వేశారు. భవనాలు బాగుంటాయి, రిబ్బన్లు కత్తిరిస్తారు. నేను అడిగేది ఒక్కటే, అనంతపురంలో మోటారు బాగుచేసే మేస్త్రీ ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటి లోపలికి పోయి, మాస్టారూ ఇది ఎందుకు కాలిపోతోంది అని అడగగలడా? జైస్ అడగగలిగాడు.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. స్టైపెండ్ వచ్చింది. ఇద్దరు జర్మన్ సహాధ్యాయులతో కలిసి పనిచేస్తున్నాడు. అందులో నెలకి కొంత ఖమ్మం పంపి వడ్డీ కట్టిస్తున్నాడు, బావ చేత అసలు కట్టించే ధైర్యం ఇంకా రాలేదు. హాంబుర్గ్‌లో మసాలాలు దిగుమతి చేసుకునే ఒక కంపెనీ వాళ్లు పెట్టె తీసుకురండి, చూద్దాం అన్నారు. చూద్దాం అన్నారంతే, కొంటామనలేదు. పదో నెల ప్రణాళిక వచ్చే నెల చూపించాలి. తరువాత ఏమవుతుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. స్టుట్‌గార్ట్ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారు.

నిన్న రాత్రి అక్క మళ్లీ ఫోను చేసింది. ఈసారి గొంతులో కోపం లేదు, ఇంకేదో ఉంది. "ఏరా, సంబంధం వాళ్లు అబ్బాయి ఏం చేస్తున్నాడని అడుగుతున్నారు. ఉద్యోగం అని చెప్పనా, చదువుతున్నాడని చెప్పనా?" అంది. రెండూ కాదక్కా అన్నాను. "మరి?" అంది. సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.